దాటలేని అడ్డు వల్ల విడిపోయిన ప్రేమికుల కథల్లో మీకు బాగా నచ్చింది ఏది?

ఈ ప్రశ్నకు అందరూ ప్రాణాలు పోయే కథలే చెబుతారు. ప్రియురాలు పెట్టిన దీపం ఆరిపోయి దారి తెలియక జలసంధిలో మునిగిపోయిన గ్రీకు కథలోని లియాండర్, ప్రియుడి దగ్గరికి ఈదడానికి పట్టుకున్న కుండ, ఆడబిడ్డ మార్చిపెట్టిన పచ్చికుండ కావడంతో కరిగిపోయి చీనాబ్ నదిలో కొట్టుకుపోయిన పంజాబు కథలోని సోహ్ని. నాకూ ఆ కథలు ఇష్టమే. కానీ మొగుడూ పెళ్లాల మధ్య అడ్డు పడితే దాన్ని ఎవరూ ప్రేమకథ లెక్కలో వెయ్యరు. నా బాధ అదే.

నాకు నచ్చింది చైనా వాళ్ల కథ. ఒక పశువుల కాపరి, దేవలోకంలో బట్టలు నేసే అమ్మాయి. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆమెను పైకి లాక్కుపోతుంటే పిల్లల్ని కావడి బుట్టల్లో కూర్చోబెట్టుకుని వెంటపడతాడు. దేవతల రాణి కొప్పులోని సూది తీసి ఆకాశంలో గీత గీస్తుంది. అదే పాలపుంతై ఇద్దరి మధ్యా పారుతుంది. ఏడో నెల ఏడో రోజు రాత్రి పిట్టలు వంతెన కడితే కలుస్తారు, మళ్లీ ఏడాది దాకా లేదు.

ఆ అమ్మాయి నక్షత్రం మన అభిజిత్తు, కాపరిది మన శ్రవణం. శ్రవణం ఎవరి నక్షత్రమో తిరుపతిలో ఎవర్నడిగినా చెబుతారు. స్వామి కొండ మీద, అమ్మవారు కింద తిరుచానూరులో. ఈ రెండు కథలకూ సంబంధం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

1990లో నాకు పదేళ్లు. మా చిన్నాయన కువైట్‌లో డ్రైవరు. పెళ్లయిన మూడేళ్లలో చిన్నమ్మతో కలిసి ఉన్నది ఐదు నెలలు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోను కలవదు. రాత్రిపూట మిద్దె మీద రేడియో చెవికి ఆనించుకుని కూర్చునేది చిన్నమ్మ. ఆమె మాట్లాడదు, మాకు భయం.

ఒక శనివారం తెల్లవారుజామునే నన్ను వెంటబెట్టుకుని అలిపిరి పాదాల మండపానికి పోయింది. స్వామి రోజూ రాత్రి కొండ దిగి అమ్మవారి దగ్గరికి నడిచొచ్చి పోతాడని, అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయని మా పక్క చెప్పుకుంటారు. భక్తులు లోహపు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. చిన్నమ్మ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో ఆగి, పాదుకలు దించి, మడమ దగ్గర వేలితో తడిమి తడిమి చూసింది.

"ఇవి అరగలేదు కదరా," అంది.

"కొత్తవేమో చిన్నమ్మా," అన్నాను. ఇంకేం చెప్పాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, ఇంకెక్కడి ఎడబాటు అంటారు కొందరు. వింటే ఒళ్లు మండుతుంది. బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి ఫోనులో కనిపించే మొహం వచ్చి ఆసుపత్రికి ఎత్తుకుపోతుందా? మా పక్క ఎన్ని ఇళ్లలో ఇప్పటికీ ఇదే బతుకు! వాళ్ల కథలు రాసేవాళ్లు ఎవరు? ఇంకో సంగతి, తిరుపతిలో ఇప్పుడు ఈ దీపాల వెలుగుకి పాలపుంత కూడా కనిపించడం లేదు. శ్రవణాన్ని మటుకు ఇంకా పట్టుకోవచ్చు. వరసగా మూడు చుక్కలు, విష్ణువు మూడడుగులు అంటారు.

చిన్నాయన అక్టోబరులో వచ్చాడు. కువైట్ నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాలు, అమ్మాన్‌లో విమానం, బొంబాయి, రేణిగుంటలో రైలు దిగి ఇంటికి. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. కాళ్లకున్న రబ్బరు చెప్పులకు మడమల దగ్గర చిల్లులు పడి, నేల తగులుతోంది. గడపలో ఆయన వాటిని విప్పగానే చిన్నమ్మ వంగి తీసుకుంది. మొహం కూడా చూడలేదు, ముందు ఆ చిల్లుల్లో వేలు పెట్టి చూసింది. తర్వాత ఏడ్చింది.

ఆ చెప్పులు ఇప్పటికీ వాళ్లింట్లో అటక మీదే ఉన్నాయి. పోయిన సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పారేద్దామని కోడలు అంటే, చిన్నమ్మ వాటిని దించి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టించింది.