ఇల్లు కూల్చే ముందు కాగితం మీద ఏముండాలి?

ప్రశ్న: నాన్నగారు కట్టించిన వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇల్లు కూల్చి కొత్తది కట్టుకుందామనుకుంటున్నాం. కాంట్రాక్టరు వచ్చి చూసి, "తలుపులు, ఇనుము నాకు వదిలేయండి, ఎదురు నేనే 60 వేలిస్తా" అన్నాడు. ఒప్పంద పత్రం రాసుకుందామంటే "ఇంత చిన్న పనికి కాగితమెందుకు సార్" అంటున్నాడు. అవసరమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా అవసరం. డబ్బు మీ చేతికే వస్తోంది కాబట్టి ఇది ఉత్త అమ్మకంలా కనిపిస్తోంది. ఇందులో రెండు బేరాలున్నాయి. మీరు సామాను అమ్ముతున్నారు, అతను స్థలం ఖాళీ చేసి పెడుతున్నాడు. సామాను మొదట్లోనే గేటు దాటుతుంది, మట్టి (అంటే కూల్చిన శిథిలాల కుప్ప) చివరిదాకా ఉంటుంది. గుమ్మాలు, ఊచలు వెళ్లిపోయాక ఆ కుప్పలో అతనికి రూపాయి రాదు, పైగా ట్రాక్టరు కిరాయి చేతి నుంచి పడుతుంది. ఫోను ఎత్తడం మానేసేది అప్పుడే.

60 వేలు సరైన ధరో కాదో ముందు లెక్క కట్టుకోండి. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు గుమ్మానికి గడపతో కలిపి 21 అడుగుల కర్ర పడుతుంది. మందం 5x3 అంగుళాలైతే ఒక్క గుమ్మంలోనే రెండు ఘనపుటడుగులకు పైగా టేకు ఉంది, తలుపు రెక్కలు వేరే. 5 అంగుళాల స్లాబు వెయ్యి చదరపు అడుగులుంటే కాంక్రీటు దాదాపు 12 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 80 కిలోల చొప్పున వేసుకున్నా 900 కిలోలకు పైగా ఊచ. పాత టేకు ధర కర్రల అడితిలో, ఇనుము ధర తుక్కు కొట్లో అడిగితే అరగంటలో తేలుతుంది. (ఆ ఊచను సాగదీసి కొత్త ఇంటికి వాడదామని మాత్రం చూడకండి. వంచి సాగదీసిన చోట బలం పోతుంది.)

ఇక మట్టి. అలాంటి ఇంట్లో గోడలు, స్లాబు కలిపి సుమారు 1,600 ఘనపుటడుగులు. పగలగొట్టాక ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, అంటే 2,400. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరుకు 24 ట్రిప్పులు. ఆ కిరాయికి రెండు రోజుల జేసీబీ ఖర్చు కలపండి. అంత మొత్తం కాంట్రాక్టరు దగ్గర డిపాజిట్‌గా తీసుకుని, స్థలం చదునయ్యాకే తిరిగివ్వండి. "ఆలస్యమైతే రోజుకు ఇంత జరిమానా" అని రాసుకుని ఊరుకుంటే లాభం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం రాసుకున్న మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే వస్తుంది, అదీ కోర్టుకు వెళ్తే. డిపాజిట్ చేతిలో ఉంటే కోర్టు చుట్టూ తిరిగే తిప్పలు మీకుండవు.

అతను మీకిచ్చే డబ్బు వరస ఇలా రాయించండి: సంతకం రోజు బయానా, మొదటి తలుపు ఊడదీసే ముందు మిగతా డబ్బంతా. ఊచల చివరి లోడు మాత్రం మట్టి చివరి లోడు తర్వాతే గేటు దాటాలి. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోని కాంట్రాక్టరును వదులుకోవడమే మేలు.

"ఇల్లు పూర్తిగా కూల్చాలి" అని రాస్తే చాలదు. అతనికి పూర్తిగా అంటే నేలమట్టం దాకా, మీకేమో పునాది అడుగు దాకా. పునాది రాయి తీయాలా, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసి పూడ్చాలా, సంపు సంగతేమిటి, అన్నీ విడివిడిగా రాయండి. బోరు కేసింగుకు మూత బిగించాకే జేసీబీ లోపలికి రావాలి. ఒక్క రాయి జారిపడితే బోరు పోయినట్టే. అతనికి ఇచ్చే వస్తువుల జాబితా జతచేసి, అందులో లేనివన్నీ మావే అని ఒక వరస కలపండి. మోటారు, ఇన్వర్టరు, దేవుడి గది తలుపుల మీద తగాదాలు వచ్చేది ఇక్కడే.

మట్టి చెరువులోనో నాలాలోనో పోస్తే అధికారులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లున్నాయి. ట్రిప్పుకో చీటీ తెచ్చివ్వాలని షరతు పెట్టండి. రోజుకు 20 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇనుము-కర్ర-ప్లాస్టిక్, ఇటుక-సున్నం విడదీయాలని 2016 కేంద్ర నిబంధనలు చెప్పాయి; వాటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలు ప్రకటించారు. మీ ఇంటి శిథిలాలు 90 టన్నుల దాకా ఉంటాయి. జేసీబీతో రెండు రోజుల్లో లాగేస్తే 2016 నాటి ఆ హద్దు దాటినట్టే.

ప్రశ్న: మాకూ పక్కింటి వాళ్లకూ ఉమ్మడి గోడ. మా వైపు కూలుస్తుంటే వాళ్ల గోడ బీటలిస్తే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వాళ్లు ముందు అడిగేది మిమ్మల్నేనమ్మా. కాబట్టి పని మొదలయ్యే ముందే వాళ్ల గదుల్లో ఉన్న బీటలన్నీ తేదీతో ఫొటోలు తీసి, రెండు ఇళ్లవారూ సంతకాలు పెట్టండి. పెద్ద బీటలకు అడ్డంగా సన్నని గాజు పట్టీ పెట్టి రెండు చివరలా సిమెంటుతో అంటించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. పాత బీటా కొత్త బీటా అన్న వాదన ఉండదు.

ఒప్పందంలో పని పద్ధతి కూడా రాయాలి. ఉమ్మడి గోడకు నాలుగు అడుగుల లోపల జేసీబీ వద్దు, సుత్తి, ఉలి, చేత్తో పట్టుకుని కాంక్రీటు పగలగొట్టే చిన్న బ్రేకరు మిషను మాత్రమే. గోడ వెంట స్లాబును ముందుగా కోసి, ఊచలు కత్తిరించి విడదీయాలి. అలా చేయకుండా అవతల లాగితే ఆ ఊచలే గోడను పట్టి గుంజుతాయి. మీ అడ్డగోడలు పోయాక ఆ గోడకు ఆసరా పోతుంది, కాబట్టి ఏటవాలుగా సపోర్టులు పెట్టాలి. బయటపడ్డ ముఖానికి వానలోపు ప్లాస్టరింగ్ ఎవరు చేయించాలో కూడా పేరు పెట్టి రాయండి.

ప్రశ్న: కూలీకి దెబ్బ తగిలితే ఇంటి యజమానిదా బాధ్యత?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కేసులో మీ పేరూ చేరవచ్చు. కూలీల పరిహార బీమా పాలసీ కాపీ చూడనిదే పని మొదలుపెట్టనివ్వకండి. పాలసీలో కూలీల సంఖ్య, తేదీలు మీ పనికి సరిపోవాలి. మీ రాతపూర్వక అనుమతి లేకుండా పని ఇంకొకరికి అప్పగించకూడదని కూడా చేర్చండి. ఆ ఇంకొకరికి పాలసీ ఉండకపోవచ్చు.

పై నుంచి కిందికే కూల్చాలి, స్లాబు మీద శిథిలాలు పోగు పెట్టకూడదు. కిటికీ మీది సజ్జను గమనించండి. దాన్ని పట్టి ఉంచేది పైనున్న గోడ బరువే. సజ్జను వదిలి ఆ గోడ తీసేస్తే అది ఒక్కసారిగా కిందికి తిరగబడుతుంది, కింద ఇటుకలు ఏరుతున్న మనిషి మీద. కాబట్టి సజ్జకు కింద ఆసరా కర్ర పెట్టి, ముందు దాన్ని పగలగొట్టాకే పై గోడ ముట్టుకోవాలి. స్తంభం దగ్గరే కరెంటు సర్వీసు వైరు తీయించే పని మాత్రం మీరే చేయించండి. మీటరు ఒక్కటి తీస్తే పిట్టగోడ దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది.