భజనలు, ఏకాహాలు నడిపిన మామ్మగారి మీద చిన్న పుస్తకం వేయాలంటే ఎలా?

బొబ్బిలి దగ్గర పల్లె, రామకోవెల పనులన్నీ మామ్మగారే నెత్తిన వేసుకునేవారు, సంవత్సరీకం నాటికి పుస్తకం పంచాలి, ఎక్కడ మొదలెట్టాలి అని కదా అడిగారు. మూడు నెలలుంటే చాలు. అందులో సగం మాటలు పోగెయ్యడానికే పోతుంది.

ముందు పుట్టిన తేదీ తేల్చండి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే నమ్మకండి, తేదీ తెలియనివాళ్లకు వేసే తారీఖది. పెద్దవాళ్లు "విక్రమ నామ సంవత్సరం, రథసప్తమి" అంటారనుకోండి. విక్రమ 1940 ఉగాదికి వచ్చింది కాబట్టి 1940 అని రాసేస్తారు, అక్కడే తప్పు. రథసప్తమి మాఘంలో కదా, అప్పటికి 1941 వచ్చేసింది. మాఘ ఫాల్గుణాల్లో పుట్టినవాళ్లకు ఒకటి కలపాలి. పుష్యం డిసెంబరులోనూ జనవరిలోనూ పడుతుంది కాబట్టి పాత పంచాంగం చూడాల్సిందే.

జిల్లా పేరూ అంతే. మీ వైపు 1950 ఆగస్టు 15కి ముందు విశాఖపట్నం జిల్లా, 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం, ఆ తర్వాత విజయనగరం. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు! పాత దస్తావేజులో శ్రీకాకుళం అని ఉంటే తప్పనుకుని దిద్దకండి. ఈమధ్య సంగతులకు ఏడాది గుర్తురాకపోతే తుపాను అడగండి. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో. "హుద్‌హుద్‌కి కోవెల రేకులు ఎగిరిపోయాక" అన్నారంటే ఏడాది దొరికినట్టే.

ఇక మాటలు. "ఆవిడెలాంటివారు?" అని అడిగితే "దేవత బాబూ" అంటారు, ఇంకేమీ రాదు. పని గురించి అడగండి. ఏకాహమంటే 24 గంటలు నామం తెగకూడదు, అఖండదీపం కొండెక్కకూడదు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా వంతంటే ఎవరికైనా బద్ధకమే. ఆ వంతుకి మనిషి రాకపోతే మామ్మగారేం చేసేవారు? వత్తి ఎగదోసిందెవరు, నూనె ఎవరింటి నుంచి వచ్చేది? తాళాలు, హార్మోనియం ఎవరింట్లో దాచేవారు? ఇలా అడిగితేనే మనిషి కనబడుతుంది. భజన బృందాన్ని మాత్రమే అడిగి ఊరుకోకండి. సంతర్పణకి గాడిపొయ్యి తవ్వినవాళ్లు, ఆకులు కుట్టినవాళ్లు, అరువిచ్చిన కిరాణా షావుకారు, వీళ్ల దగ్గరే అసలు సరుకు ఉంటుంది.

చందా పుస్తకం దొరికితే ఒక పేజీ ఆవిడ చేతిరాతతోనే వెయ్యండి. నాలుగు పేజీల పొగడ్త కన్నా అదే నయం. బాకీ ఉన్నవాళ్ల పేర్లు మాత్రం కనబడనివ్వకండి, ఊళ్లో తగువు మనకెందుకు. ఆవిడ గుట్టుగా సాయం చేసిన ఇళ్ల పేర్లు కూడా వద్దు. పులిహోర కొలత కుంచాల్లో చెబితే అలాగే రాసి వదిలెయ్యకండి, కుంచం ఊరికోలా ఉంటుంది. ఆవిడ వాడిన కుంచమే నింపి, బియ్యం తూచి, కిలోలు పక్కన వెయ్యండి.

ఏ5 సైజు (ఏ4లో సగం), మధ్యలో మడిచి కొట్టే సెంటర్ పిన్, 32 పేజీలు సరిపోతుంది. పేజీలు నాలుగుతో భాగింపబడాలి, లేకపోతే చివర్న ఖాళీలు మిగులుతాయి. పేజీకి రెండొందల మాటల లోపు పెట్టుకుంటే ముసలివాళ్లూ చదవగలరు. గోడ మీది ఫోటో చెమ్మకి అద్దానికి అతుక్కుపోయుంటే లాగకండి, బొమ్మ ఊడొస్తుంది. అద్దంతోనే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా పంపితే నాణ్యత పోతుంది.

మీరు ఫోన్లో కొట్టిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది, దాన్ని ప్రెస్సువాళ్లు చాలావరకు తాము వాడే పాత పద్ధతి "అను" ఫాంట్లలోకి మారుస్తారు. అప్పుడు వత్తులు జారిపోతాయి, "లక్ష్మి" లాంటి పేర్లు ముందు చెడతాయి. మార్చాక కాగితం మీద ప్రూఫు తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి. ఇంటిపేర్లు ఆ ఇంటివాళ్లకే చూపించండి. చందా పుస్తకం అసలుది మాత్రం ప్రెస్సుకి ఇవ్వకండి, స్కాన్ ఇస్తే చాలు.