రెండడుగుల చేపల ట్యాంక్‌లో మొక్కలకు మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ చాలా?

చాలండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్ అన్నారు. జావా ఫెర్న్, వాలిస్నేరియా లాంటి మొక్కలు నాలుగు పెట్టాలని ఉంది, చేతిలో వెయ్యి రూపాయలున్నాయి. షాపులో ప్లాంటెడ్ లైట్, అంటే నీటి మొక్కల కోసమే చేసే లైటు, నాలుగు వేలు చెప్పేసరికి, ఇంట్లో వాడే ట్యూబ్‌లైట్ కింద మొక్కలు బతుకుతాయా అని అడుగుతున్నారు. నా ట్యాంకూ అచ్చంగా అదే సైజు. ఆరేళ్లుగా మామూలు ట్యూబ్‌లైట్ల కిందే నడుస్తోంది. కాకపోతే అంతకుముందు రెండు లైట్లు కొని డబ్బు తగలేశాను. ఆ సంగతి ముందు చెప్తాను, మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

మొదటిది నీళ్లలో మునిగి ఉండే సన్నటి గొట్టం లాంటి లైటు. ట్యాంక్ కొన్న షాపులోనే అంటగట్టారు. గులాబీ, నీలం కలిసిన వెలుగు. దాని కింద ఎర్ర చేపలు నిప్పుకణికల్లా మెరిసిపోయేవి, ఇంటికొచ్చిన వాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. మొక్కలు మాత్రం మూడు వారాల్లో పాలిపోయి, కింది ఆకులు రాల్చేశాయి. తప్పంతా రంగుదే అని చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఎరుపు, నీలం వెలుగులో మొక్కలు బాగానే పెరుగుతాయి, ఇళ్లలో నారు పెంచడానికి అలాంటి లైట్లు వాడేవాళ్లున్నారు. ఈ గొట్టానికి ఉన్నది 5 వాట్లు. సత్తువ లేదు, అంతే.

వెలుగు చాల్లేదు కదా అని ఈసారి కోఠి వెళ్లి, ట్రూప్ బజార్‌లో 50 వాట్ల ఫ్లడ్‌లైట్ తెచ్చాను. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బిగిస్తారే, అదే. పొద్దున ఆరింటికి వేస్తే రాత్రి పదింటికి ఆపేవాణ్ని. మొదటి పది రోజులు పండగే. ఆకుల మీద ముత్యాల్లా గాలి బుడగలు, రోజుకో కొత్త చిగురు. రెండో వారం దాటాక అద్దానికి పచ్చటి పొర పట్టింది. ఆ తర్వాత జుట్టులాంటి పాచి మొక్కల్ని చుట్టేసింది. టూత్‌బ్రష్ పెట్టి తిప్పితే నూడుల్స్‌లా చుట్టుకుని వచ్చేది. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ చూసి, "మన చెరువులో ఊరికే కనిపించే పాచికి ఇంత కరెంటు తగలెయ్యాలట్రా?" అంది. నిజమే, 50 వాట్లు రోజుకు 16 గంటలంటే నెలకు 24 యూనిట్లు.

ఎందుకిలా అయిందంటే, వెలుగు పెరిగేకొద్దీ మొక్క ఎక్కువ కార్బన్ డయాక్సైడ్, ఎక్కువ ఎరువు అడుగుతుంది. మన ట్యాంక్‌లో ఆ గ్యాస్ ఎక్కించే సిలిండర్ లేదు, ఉన్న ఎరువంతా చేపల రెట్ట. అడిగింది అందక మొక్క ఆగిపోతుంది, మిగిలిన వెలుగును పాచి వాడుకుంటుంది. ఎసరు చాలనప్పుడు మంట పెంచితే అన్నం తొందరగా ఉడకదు, అడుగంటుతుంది. ఇదీ అంతే.

ఇక మీరేం కొనాలో చెప్తాను. ఎలక్ట్రికల్ షాపులో రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ అడగండి, బ్యాటెన్ అన్నా ఇస్తారు. పేరున్న కంపెనీది ఏదైనా పరవాలేదు. నేను చివరిసారి కొన్నది 220 రూపాయలు. డబ్బా మీద రెండు అంకెలు చూడండి. ఒకటి వెలుగు రంగు చెప్పే కెల్విన్ అంకె, అది 6500 ఉండాలి, దాన్నే కూల్ డేలైట్ అని రాస్తారు. 3000 కెల్విన్ వార్మ్ వైట్ కింద కూడా మొక్కలు పెరుగుతాయి కానీ ట్యాంక్ మొత్తం పల్చటి టీ పోసినట్టు కనిపిస్తుంది. రెండోది ల్యూమెన్స్, అంటే మొత్తం ఎంత వెలుగు వస్తుందో చెప్పే అంకె. 10 వాట్ల ట్యూబ్‌కి సుమారు 1000 ఉంటాయి.

గాలన్‌కి ఇన్ని వాట్లు అని పాత లెక్క ఒకటి ఇంకా తిరుగుతోంది. అది ఫ్లోరసెంట్ ట్యూబుల కాలం నాటిది, ఎల్‌ఈడీకి పనికిరాదు. లీటరుకు ఎన్ని ల్యూమెన్స్ అని చూసుకోండి. మీ ట్యాంక్ నిండా పోస్తే 56 లీటర్లు, రాళ్లు, పైన వదిలేసే ఖాళీ తీసేస్తే 50 అనుకోవచ్చు. ఒక ట్యూబ్‌తో లీటరుకు 20 ల్యూమెన్స్. మీరు చెప్పిన మొక్కలకు ఇది హాయిగా సరిపోతుంది. రెండు ట్యూబులైతే 40, అంటే హైగ్రోఫిలా, రొటాలా లాంటి కాడ మొక్కలు కూడా పెంచుకోవచ్చు. నా దగ్గర ఇప్పుడున్నది ఆ రెండు ట్యూబుల పద్ధతే. నా ఫ్లడ్‌లైట్ లెక్క వేస్తే లీటరుకు 90 పైమాటే. గ్యాస్ లేకుండా అది పాచి పెంపకమే.

ట్యూబ్ వెలుగు పక్కలకు కూడా పోతుంది, సోఫాలో కూర్చుంటే కళ్లలో కొడుతుంది. పిల్లల ప్రాజెక్టులకు స్టేషనరీ షాపులో అమ్మే తెల్ల సన్‌బోర్డు తెచ్చి, మూడు వైపులా మడిచి, ట్యూబ్ మీద గొడుగులా పెట్టాను. పక్కలకు పోయే వెలుగులో చాలావరకు మళ్లీ నీళ్లలోకే వస్తుంది. వెనకవైపు తెరిచి ఉంచండి, గాలి ఆడకపోతే ట్యూబ్ లోపల ఎల్‌ఈడీకి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్ వేడెక్కి తొందరగా పోతుంది. అల్యూమినియం ఫాయిల్ జోలికి మాత్రం పోకండి. కరెంటు పక్కన అది ప్రమాదం.

ప్రమాదం అన్నాను కాబట్టి ఇది కాస్త నెమ్మదిగా చదవండి. ఇంటి ట్యూబ్‌లైట్‌కి నీటి నుంచి రక్షణ ఏమీ ఉండదు. ట్యాంక్ పైన నేరుగా పెడితే ఆవిరి లోపలికి చేరుతుంది, చేప ఎగిరినా చుక్కలు పడతాయి. పైన అద్దం మూత వేయించండి, గ్లాస్ షాపులో కోసి అంచులు నున్నగా చేసి ఇస్తారు. ట్యూబ్ ఆ మూత మీద కాకుండా నాలుగైదు అంగుళాలు పైన ఉండాలి. నేను గోడకు రెండు ఎల్ క్లాంపులు కొట్టి వాటికి బిగించాను. వైరు ట్యాంక్ నుంచి తిన్నగా స్విచ్‌బోర్డుకు వెళ్లకూడదు. బోర్డు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట నీళ్లు జారినా కింద చుక్కగా పడిపోతాయి, ప్లగ్‌లోకి పోవు. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు లైటు, ఫిల్టర్, హీటర్ అన్నీ ఆపండి. ఇంట్లో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే, ట్యాంక్ సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి. ఫ్లడ్‌లైట్ మీద ఐపీ65 అని ఉంటుంది కదా, అది వాన జల్లుకు తట్టుకుంటుందని అర్థం. ట్యాంక్‌లో పడితే తట్టుకుంటుందని కాదు.

మిగిలిన డబ్బుతో టైమర్ కొనండి. నా దృష్టిలో లైటు కన్నా ఇదే ముఖ్యం. గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమర్ చాలు, నేను కొన్నప్పుడు మూడు, నాలుగు వందలకు దొరికేది. దాని చుట్టూ ఉండే పళ్లలో ఒక్కోటి పావుగంట. మనం చేత్తో వేసి ఆపుతుంటే ఒకరోజు ఐదు గంటలు, ఆదివారం పన్నెండు గంటలు అవుతుంది. నాకు పాచి తగ్గింది ఫ్లడ్‌లైట్ తీసేసినప్పుడు సగం, టైమర్ పెట్టాక మిగతా సగం. మొదటి నెల ఆరు గంటలు, తర్వాత ఏడు, ఎంత బాగున్నా ఎనిమిది దాటొద్దు. నాది మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పది వరకు, ఆఫీసు నుంచి వచ్చి చూసుకోవాలి కదా. ఒక చిన్న ఇబ్బంది ఉంది. కరెంటు పోతే ఈ టైమర్ కూడా ఆగిపోతుంది, వచ్చాక అంతసేపు వెనకబడి నడుస్తుంది. ఒక వేసవిలో కోతలు పెరిగి, నా లైటు రాత్రి పన్నెండున్నరకు ఆరడం మొదలైంది. వారానికోసారి సరిచేసుకుంటే చాలు.

కరెంటు బిల్లు గురించి అడగలేదు కానీ, ఒక ట్యూబ్ ఏడు గంటలంటే నెలకు రెండు యూనిట్లు కొంచెం పైన. టెన్షన్ అక్కర్లేదు. కిటికీ ఎండ మాత్రం ట్యాంక్ మీద పడనివ్వకండి, అది ఏ టైమర్ మాటా వినదు.

మీరు ఎంచుకున్న మొక్కలు మంచివే. జావా ఫెర్న్ దుంపను రాళ్లలో పాతొద్దు, కుళ్లిపోతుంది. కుట్టుదారంతో రాయికి కట్టండి. అనుబియాస్ అనే మొక్కకీ ఇదే మాట. మీది బోరు నీళ్లైతే వాలిస్నేరియాకు అదృష్టమే, ఉప్పదనం, గట్టిదనం ఉన్న నీళ్లలోనూ పిలకలు వేసుకుంటూ పోతుంది. పాచి మొదలైతే పైన నాలుగు అంతరతామర మొక్కలు వదలండి. వెలుగుకు అడ్డం పడతాయి, రెట్ట లోంచి వచ్చే ఎరువును లాగేస్తాయి. సగం కన్నా ఎక్కువ పరుచుకుంటే తీసేస్తూ ఉండండి.

నాలుగు వేల లైటు దండగ అనను. నేలంతా పచ్చిక తివాచీలా పరిచే మాంటీ కార్లో లాంటివి కావాలన్నా, ఎర్ర ఆకుల మొక్కలు నిజంగా ఎర్రగా కనిపించాలన్నా, ట్యాంక్ ఎత్తు అడుగున్నర దాటినా చిహిరోస్ లాంటి కంపెనీల ప్లాంటెడ్ లైటు కొనుక్కోవచ్చు. దానితోపాటు గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్, ద్రవ ఎరువులు కూడా కొనాలి, ఆ లెక్క షాపులో ముందే చెప్పరు.

మొదటి నెలలో ఆకులు కరిగిపోతే కంగారుపడి రెండో ట్యూబ్ తగిలించకండి. షాపుల్లో అమ్మే మొక్కల్లో చాలావాటిని నీళ్ల పైన గాలిలో పెంచుతారు, నీళ్లలోకి వచ్చాక పాత ఆకులు వదిలేసి కొత్తవి వేస్తాయి. క్రిప్టోకొరైన్ అయితే చోటు మార్చినా అలిగి ఆకులన్నీ రాల్చేస్తుంది. కరిగిన ఆకులు కత్తిరించి తీసేయండి, మొక్కను మాత్రం పీకొద్దు. చచ్చిపోయిందనుకుని నేను పారేయబోయిన క్రిప్ట్ ఒకటి, వేళ్లు గట్టిగా ఉన్నాయని వదిలేస్తే, నెలా పది రోజులకు చిగురేసింది. ఇప్పుడు ట్యాంక్‌లో అన్నిటికన్నా గుబురుగా ఉన్నది అదే.