రొయ్యల చెరువుల డేటా బయట పెడితే ఎవరైనా వాడేసుకుంటారా?

భీమవరం దగ్గర చెరువుల్లో రెండేళ్లు కొలిచిన ఉప్పదనం వగైరా లెక్కలు జర్నల్ ఓపెన్‌గా పెట్టమందని, పెడితే వేరేవాళ్లు ముందే పేపర్ వేసేస్తారని మీ గైడ్ గారు భయపడుతున్నారని రాశారు కదండీ. ఆ టెన్షన్ సహజమే, కానీ దారి ఉంది.

యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు 2013లో మొదలుపెట్టిన జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పెట్టండి. ఉచితం, ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా పడుతుంది. అందులో ఎంబార్గో తేదీ, అంటే ఫైళ్లు ఎప్పటిదాకా మూసి ఉంచాలో ఆ తేదీ, ఇవ్వొచ్చు. మీ పేరు, శీర్షిక, డీఓఐ (ఆ రికార్డుకిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇప్పుడే అందరికీ కనిపిస్తాయి, ఫైళ్లు మాత్రం ఆ తేదీ వరకు తెరుచుకోవు. ఎవరు ముందు పెట్టారన్నదానికి ఆ రికార్డే సాక్ష్యం. సీసీ బై లైసెన్సు ఎంచుకుంటే, తర్వాత వాడుకునేవాళ్లు మీ పేరు చెప్పి తీరాలి.

నాకు అసలు దిగులు రైతుల గురించి. ఏ చెరువులో తెగులు వచ్చిందో బయటపడితే రేపు ఆ సరుకు ధర పడిపోవచ్చు. పేర్లు, సర్వే నంబర్లు, జీపీఎస్ తీసేసి మండలం వరకే ఉంచండి. అలాగైనా సరే, వాళ్లను అడిగాకే పెట్టండి.

ప్రతి కాలమ్‌కీ కొలమానం, కొలిచిన సమయం రాసిన చిన్న ఫైలు జత చేయండి. తెల్లవారుజామున తీసిన ఆక్సిజన్ రీడింగూ మధ్యాహ్నం తీసినదీ ఒకటి కాదు.

గైడ్ గారికి ఒక మాట గుర్తు చేయండి: 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మూల్యాంకనం పూర్తయ్యాక, పీహెచ్‌డీ ప్రకటించే ముందే థీసిస్ ఎలాగూ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కి, అంటే థీసిస్‌లను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే కేంద్రానికి, వెళ్తుంది. ముందు ఒక్క టేబుల్‌తో ఎంబార్గో రికార్డు తయారుచేసి ఆయనకు చూపించండి.