తేనెటీగలు కుట్టి పోయినవాడిది వీరమరణమా?

సందేహం: మా ఊరి గ్రంథాలయం వార్షిక సంచికకు ఆఫ్రికా రైలు మార్గాల మీద ఒక వ్యాసం రాశాను. శీర్షిక ‘మైత్రీ వారధి’. టాంజానియా, జాంబియాలను కలుపుతూ చైనా వేసిన టజారా మార్గం గురించి చెప్పి, చివర ఈ వాక్యం పెట్టాను: “ఈ మహానిర్మాణంలో వీరమరణం పొందిన చైనా అమరవీరులు అంతర్జాతీయ స్నేహానికి ప్రతీకలుగా చిరస్థాయిగా నిలిచారు.” ప్రూఫులు చూసిన మాస్టారు ఇందులో మూడు చోట్ల ఎర్రసిరాతో గీత పెట్టారు. వీరమరణం, అమరవీరులు అనేవి సైనికులకే వాడాలట. ప్రతీక అంటే వస్తువేనట, మనిషి కాడట. రెండు మూడు దేశాల మధ్య ఉన్నదాన్ని అంతర్జాతీయం అనకూడదట. శీర్షికను మాత్రం బాగుందని మెచ్చుకున్నారు. దయచేసి తేల్చగలరు. – ఒక పాఠకుడు, నంద్యాల

సమాధానం: మాస్టారి మూడు గీతల్లో చివరిది తప్పు, నడిమిది చాలావరకు తప్పు. మొదటిది ఒప్పే గానీ, ఆయన చెప్పిన కారణం వల్ల కాదు. మీ వాక్యంలో నాకు గుచ్చుకున్న మాటకు మాత్రం ఆయన ఎర్రసిరా తగల్లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అంతర్జాతీయతో పని తేలిగ్గా అయిపోతుంది. అంతర్ అనే సంస్కృత పదానికి లోపల అనీ, నడుమ అనీ రెండర్థాలున్నాయి. ఇక్కడ పనికొచ్చేది రెండోది. కర్నూలు నుంచి బళ్లారి వెళ్లే బస్సు రెండు రాష్ట్రాల్లోనే తిరుగుతుంది, అయినా దాన్ని అంతర్రాష్ట్ర బస్సే అంటున్నాం. టజారాలో అయితే ఏకంగా మూడు దేశాలున్నాయి. ఆ మాటను ‘ద్వైపాక్షిక’ అని మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఒప్పందాల మాట. ద్వైపాక్షిక స్నేహం అంటే ఇద్దరు ప్లీడర్లు కోర్టు క్యాంటీన్‌లో టీ తాగుతున్నట్టు వినిపిస్తుంది.

ఇక వీరమరణం. ఇది సైనికులకే అన్న మాట మన చరిత్రకు సరిపోదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఊరి పొలిమేరల్లో నిలబెట్టిన వీరగల్లులు చాలానే కనిపిస్తాయి. ఆ రాళ్ల మీద ఎవరి బొమ్మలు చెక్కారో వాళ్లంతా రాజుగారి జీతగాళ్లు కారు. పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి పోయిన పల్లెటూరి మనుషులు కూడా వాళ్లలో ఉన్నారు. హైదరాబాద్ గన్‌పార్క్‌లోని అమరవీరుల స్తూపం 1969 తెలంగాణ ఉద్యమంలో పోయినవాళ్లది. వాళ్లలో విద్యార్థులున్నారు, సైనికులు లేరు. అంటే మన భాష యూనిఫారం అడగలేదు. అది చూసింది ఒక్కటే: ఎదుట ఒక శత్రువో, ఆపదను చేతపట్టుకున్న మనిషో ఉన్నాడా, ఇతను వెనక్కి తగ్గకుండా నిలబడ్డాడా అని. వీరమరణానికి పోరు కావాలి. ఆ పోరు యుద్ధమే కానక్కర్లేదు.

ఆ కొలతతో టజారాను చూడండి. 1965లో జాంబియాకు దక్షిణాన ఉన్న రొడీషియాలోని (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ల ప్రభుత్వం తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకోవడంతో, సముద్రతీరం లేని జాంబియాకు తన రాగిని దక్షిణం వైపు నుంచి పంపడం కష్టమైపోయింది. టాంజానియా రేవు దాకా రైలు వేయడానికి పాశ్చాత్య దేశాలు ముందుకు రాలేదు. టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే, జాంబియా అధ్యక్షుడు కెనెత్ కౌండా చైనాను అడిగారు. వడ్డీ లేని అప్పు మీద 1970లో పని మొదలై, 1975కల్లా పట్టాలు పరవడం పూర్తయింది. 1976 జూలైలో మార్గాన్ని అప్పగించారు. దారెస్సలాం నుంచి జాంబియా రాగి ప్రాంతం అంచు దాకా 1,860 కిలోమీటర్లు. మ్లింబా, మకంబాకోల నడుమ కొండలు, లోయలు, బురద నేలలు ఉన్న భాగం అన్నిటికన్నా కష్టమైనదని అంటారు. ఆ పనిలో 160 మందికి పైగా పోయారు. వాళ్లలో 60 పైచిలుకు చైనావాళ్లు.

ఎలా పోయారు? యంత్రాలు, వాహనాల ప్రమాదాల్లో, జబ్బుల్లో పోయారు. మార్గం సర్వే చేసే రోజుల్లో ఒకాయన అడవిలో తేనెటీగలు కుట్టి పోయాడు. ఆయనది వీరమరణం అని రాస్తే చదివేవాడికి ముందు కత్తో తుపాకో కనిపిస్తుంది, తర్వాత తేనెటీగలు కనిపిస్తాయి, ఆ తర్వాత వద్దన్నా పెదవి మీదికి నవ్వు వస్తుంది. మాట పెద్దదైపోయి మనిషిని చిన్నబుచ్చడమంటే ఇదే. మాస్టారి గీత ఇందుకు ఒప్పు.

ప్రాణత్యాగం, ప్రాణార్పణ అని మారిస్తే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. అవీ కుదరవు. త్యాగం అంటే తెలిసి వదిలేయడం. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతుంటే ఊరి కోసం ముసలమ్మ తనంతట తాను నీళ్లలోకి నడిచిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది ప్రాణత్యాగం. కొండచరియ విరిగి మీద పడ్డ కార్మికుడు పొద్దున క్యాంపు నుంచి బయల్దేరినప్పుడు ప్రాణం ఇచ్చేద్దామని బయల్దేరలేదు. సాయంత్రం తిరిగొచ్చి అన్నం తినాలనే బయల్దేరాడు. అతను ఇవ్వలేదు, అతని దగ్గర్నుంచి పోయింది.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. భూటాన్‌లో రోడ్లు వేయడానికి మన సరిహద్దు రోడ్ల సంస్థ 1961 ఏప్రిల్‌లో ‘దంతక్’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూకు రోడ్డు వేసింది వాళ్లే. పారో విమానాశ్రయం పనీ వాళ్లదే. 2021లో 60 ఏళ్లు నిండేనాటికి ఆ పనుల్లో పోయినవాళ్లు 1,200 మంది దాటారని లెక్క చెప్పారు. సిమ్‌తోఖాలో వాళ్లకు స్మారకం ఉంది. అలాంటి వార్తల్లో ఇంగ్లిషులో వచ్చే ఒక పడికట్టు మాటను మన పత్రికలు ‘అత్యున్నత త్యాగం చేశారు’ అని దించేస్తాయి. త్యాగాల్లో అత్యున్నతం, మధ్యస్థం అని మెట్లు మనవాళ్లు ఎప్పుడు కట్టారో నాకు తెలియదు. తెలుగులో అయితే ‘ప్రాణాలు విడిచారు’, ‘అసువులు బాశారు’. రెండో మాటను గ్రాంథికమని పక్కన పెడుతుంటారు గానీ, నిజానికి అది మర్యాద తెలిసిన మాట. అసువు అంటే ప్రాణం, పాయు అంటే వేరు పడు. ఎవరు చంపారు, ఎందుకు పోయారు, ఇష్టంతోనా కాదా అన్న తీర్పు అందులో లేదు. ‘మృత్యువాత పడ్డారు’ అన్నా తప్పులేదు. వాయి అంటే నోరు, వాత అంటే నోట్లో. మృత్యువు నోట పడ్డారని అర్థం. సొరంగం పనిలో పోయినవాడికి ఇంతకన్నా సరిగ్గా అమరే మాట దొరకదు. రోడ్డు ప్రమాదాల వార్తల్లో రోజూ వాడి వాడి అరగదీశాం గానీ, మాట మంచిదే.

‘బలయ్యారు’ అని మాత్రం రాయకండి. బలి అంటే ఎవరో ఒకరు బలి ఇచ్చినట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్, బర్మాల మధ్య వేయించిన 415 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది చూడండి, అక్కడ ఆ మాట నిక్కచ్చిగా సరిపోతుంది. యుద్ధ ఖైదీలతో పాటు మలయా తోటల నుంచి, బర్మా నుంచి, జావా నుంచి పట్టుకొచ్చిన కూలీలు వేల సంఖ్యలో అక్కడ పోయారు. మలయా తోటల నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో ఖైదీల సమాధులు వరసగా, పేర్లతో, శుభ్రంగా ఉంటాయి. కూలీల్లో ఎక్కువమందికి పేరు చెక్కిన రాయి లేదు. అది కూడా పరాయి దేశంలో వేసిన రైలు మార్గమే, అక్కడ పోయినవాళ్లూ కార్మికులే. అయినా వాళ్లను స్నేహానికి ప్రతీకలు అనడానికి ఎవరికైనా నోరు వస్తుందా?

మళ్లీ అమరులకు వస్తాను. అమరుడు అంటే చావు లేనివాడు. అమరకోశంలో దేవతల పేర్లు ఈ మాటతోనే మొదలవుతాయి: ‘అమరా నిర్జరా దేవాః’ అని. చావు లేనివాడనే మాటను చచ్చిపోయినవాడికి పెట్టడం వింతే. కానీ చనిపోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అన్ని భాషలూ ఇలాంటి వింతలు చేస్తాయి. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరులో పోయాక ‘అమరజీవి’ ఆయన ఇంటిపేరంత స్థిరపడింది. ఆయన చేతిలో కత్తి లేదు. కాబట్టి కార్మికులను అమరులు అనవచ్చు. మీ చిక్కల్లా వెనక తగిలించిన ‘వీరులు’తోనే.

ఈ తడబాటు మనకొక్కరికే ఉందనుకోకండి. చైనావాళ్ల శ్మశానాల పేర్లే చూడండి. దారెస్సలాం శివార్లలో టజారా కార్మికులను పూడ్చిన చోటిని వాళ్ల భాషలో ‘నిపుణుల శ్మశానం’ అంటారు. అప్పట్లో ఆఫ్రికాకు సాయం పనుల మీద పంపినవాళ్లను నిపుణులు అనేవాళ్లు. అదే చైనా, పాకిస్తాన్‌లను కలిపే కారకోరం రోడ్డు పనిలో పోయినవాళ్లకు గిల్గిట్ దగ్గర కట్టిన శ్మశానం పేరులో ‘లియెషి’ అనే మాట ఉంది. దానికి పాత అర్థం నిష్ఠ గల మనిషి. ఇప్పుడది ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, మన అమరవీరుడికి దగ్గరగా ఉంటుంది. ఉర్దూలో చెప్పాలంటే షహీద్. ఆ అరబ్బీ మాట పుట్టింది ‘సాక్షి’ అనే అర్థంలో. ఒకే దేశం వాళ్లు, ఇంచుమించు ఒకే కాలం, ఒకే రకం చావు. ఒకచోట వృత్తి పేరు రాశారు, ఇంకోచోట బిరుదు ఇచ్చారు. నాకు మొదటిదే నచ్చింది. ఆ మనిషి అక్కడికి ఎందుకు వచ్చాడో అది చెబుతోంది.

ఇప్పుడు నాకు గుచ్చుకున్న మాట. అది ‘చైనా’. పోయినవాళ్లు 160 మందికి పైగా అన్నాను కదా. అందులో 60 పైచిలుకు చైనావాళ్లయితే తక్కినవాళ్లు ఎవరు? టాంజానియా, జాంబియా కార్మికులు. మీ వాక్యంలో వాళ్లు లేరు. కారకోరం లెక్కల్లోనూ ఇదే సంగతి: చైనావాళ్లు 200 మంది దాకా అయితే పాకిస్తాన్‌వాళ్లు 800 మంది పైనే. సొంత దేశంలో పోయినందుకు వాళ్లు స్నేహం లెక్కలోకి రాకుండా పోతారా? సొరంగంలో ఇద్దరూ పక్కపక్కనే పలుగు పట్టుకున్నారు. విశేషణం చిన్నదే, ఒక్క మాటే, కానీ వాక్యంలోంచి వందమందిని బయటికి నెట్టింది. దీన్ని వ్యాకరణ దోషం అనరు, నాకు తెలుసు. అయినా మూడు గీతలూ చెరిపేసి ఒక్క గీతే పెట్టమంటే నేను అక్కడే పెడతాను.

ప్రతీకలోకి వద్దాం. మనిషి ప్రతీక కాడన్నది నిలవదు. ఓర్పుకు ప్రతీక సీత అని బడిపిల్లలు రాస్తారు, ఎవరూ మార్కులు తగ్గించరు. సంస్కృతంలో ఆ పదానికి అవయవం, భాగం అని అర్థం ఉంది. వ్యాఖ్యానాలు రాసే పండితులు శ్లోకం మొత్తం మళ్లీ రాయకుండా మొదటి మాట ఒక్కటి ఇస్తారు, దాన్నీ ప్రతీక అనే అంటారు. మొత్తానికి బదులుగా నిలబడ్డ ముక్క అన్నమాట. చిహ్నం, గుర్తు అనేవి వస్తువులకు బాగా అతుకుతాయి. రాయి గుర్తు, జెండా చిహ్నం, మనిషి ప్రతీక. ఇందులో మాస్టారిది పూర్తిగా తప్పని ఎందుకు అనలేదంటే, నేనైతే పోయినవాళ్లను ప్రతీకలు చేయను. సమాధులను గుర్తులు అంటాను. మనుషులను మనుషులుగానే ఉండనిస్తాను. ఇది నియమం కాదు, నా అలవాటు.

మాస్టారు మెచ్చుకున్న శీర్షిక దగ్గర కాస్త నవ్వొచ్చింది. వారధి పాత అర్థం వంతెన కాదు, సముద్రం. వారి అంటే నీళ్లు. వారిధి, వార్ధి, వారధి ఒకే కుటుంబం. రాముడు వారధి మీద సేతువు కట్టాడు. ‘వారధి కట్టాడు’ అని జనం నోట నలిగి నలిగి సముద్రం కాస్తా వంతెన అయిపోయింది. విజయవాడలో కృష్ణ మీది వంతెన పేరు కనకదుర్గ వారధి. దాన్ని ఎవరూ కనకదుర్గ సముద్రం అనుకోరు. అందరికీ అర్థమయ్యే తప్పు అంతకాలం బతికితే ఒప్పే. శీర్షిక ఉంచేయండి. కాకపోతే మాస్టారు అన్నిటికన్నా ఎర్రసిరా పెట్టదగిన మాటనే మెచ్చుకున్నారని ఆయనకు చెప్పకండి.

‘చిరస్థాయిగా నిలిచారు’ తీసేయండి, బరువు తప్ప పనిలేదు. నేనైతే ఇలా రాస్తాను: “ఈ మార్గం పనిలో చైనా, టాంజానియా, జాంబియా కార్మికులు 160 మందికి పైగా అసువులు బాశారు. దారెస్సలాం శివార్లలోని సమాధులు ఆ మూడు దేశాల స్నేహానికి గుర్తుగా మిగిలాయి.” టాంజానియాలో ఈ మార్గాన్ని ఉహురు రైలు అని కూడా అంటారు. ఉహురు అంటే స్వాహిలీలో స్వేచ్ఛ. వీలైతే ఆ పేరు కూడా ఒకచోట వేయండి.

చివరగా, మీరు అడగనిది ఒకటి. శ్మశానం ఉన్న ఊరిని మీరు ‘గోంగో లా మ్బోటో’ అనీ, రైలు ఆగే చివరి ఊరిని ‘కపిరి మ్పోషి’ అనీ రాశారు. మ్బ, మ్ప అని మొదలుపెడితే తెలుగు నోరు తిరగదు. విడదీయకుండా కలిపి రాయండి, సున్నకు చోటు దానంతట అదే దొరుకుతుంది: గోంగోలంబోటో, కపిరింపోషి. పైకి చదివి చూడండి.