లేవగానే కళ్లు తిరగడం: ముందు పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి బీపీ చూడండి

మీ నాన్నగారికి 74 ఏళ్లని, బీపీ మాత్రతో పాటు ప్రోస్టేట్ మాత్ర కూడా వాడుతున్నారని, రాత్రి మూత్రానికి లేవగానే కళ్లు తిరిగి గోడ పట్టుకుంటున్నారని రాశారు. వయసు కదా అని వదిలేయకండి. మా అమ్మ విషయంలో నేను అలాగే అనుకున్నాను, తుంటి ఎముక విరిగాక గానీ తెలిసిరాలేదు.

ఇంట్లో బీపీ మిషన్ ఉంది కదా. ఆయనను ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కనే ఒకరు ఉండాలి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది లేవగానే బీపీ తగ్గే సమస్యే. మీరు చెప్పిన రెండు రకాల మాత్రలూ దీనికి కారణం కావచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపవద్దు. ఆ అంకెలు రాసుకుని డాక్టరుకు చూపిస్తే మోతాదో, వేసుకునే వేళో మారుస్తారు.

ఈలోగా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి లేవమనండి. పగలు నీళ్లు సరిపడా తాగాలి (గుండె, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే). రాత్రి మంచం పక్కనే మూత్రం పోసుకునే సీసా పెట్టండి, మొహమాటపడతారు, అయినా సరే. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి.