వాతావరణ ప్యాకెట్‌లో 32 డిగ్రీలు 0గా, పీడనం 95.2గా కనిపించడానికి కారణం

మీ సెన్సర్ 32 డిగ్రీల సెల్సియస్, 952 హెక్టోపాస్కల్ (గాలి పీడనం కొలిచే యూనిట్) చూపిస్తుంటే మ్యాప్‌లో 0, 95.2 ఎందుకొస్తున్నాయని అడిగారు. మీ సెన్సర్ బాగానే ఉంది, పొరపాటంతా మీరు పంపే యూనిట్లలోనే ఉంది. ఏపీఆర్ఎస్ (హామ్ రేడియోలో చిన్న డేటా సందేశాలు, అంటే ప్యాకెట్లు, పంపే పద్ధతి) వాతావరణ ప్యాకెట్‌లో ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లోనే చదువుతుంది. మీరు సెల్సియస్ 32 పంపారు, మ్యాప్ దాన్ని ఫారెన్‌హీట్ అనుకుని సెల్సియస్‌లోకి మార్చింది. సరిగ్గా 0 వచ్చింది!

కోడ్‌లో ఇవి మార్చండి:

1. ఉష్ణోగ్రత: సెల్సియస్‌ని 1.8తో గుణించి 32 కలపండి. 32కి 89.6 వస్తుంది, దాన్ని 090గా పంపాలి. ముందున్న సున్నా వదిలేయొద్దు, మూడు అంకెలు ఉండాల్సిందే.

2. పీడనం: చాలామంది తప్పేది ఇక్కడే. ఈ ఫీల్డ్ ఐదంకెలది, హెక్టోపాస్కల్‌లో పదో వంతు లెక్క. 952ని 09520 అని రాయాలి. మీరు 00952 పంపుతున్నారు, అందుకే 95.2.

ఇది సరిచేశాక కూడా 952 చూసి కంగారు పడొద్దు. మీరు హైదరాబాద్‌లో ఉన్నానన్నారు కదా, అక్కడ ఎత్తు సుమారు 540 మీటర్లు. సముద్ర మట్టానికి సరిచేస్తే దాదాపు 60 కలుస్తుంది. పంపాల్సింది ఆ సరిచేసిన విలువే, అంటే 1012 అయితే 10120.

3. తేమ రెండంకెలే. 100 శాతానికి 00 పంపాలి. వింతే, కానీ పద్ధతి అదే.

4. గాలి వేగం గంటకు మైళ్లలో, వాన అంగుళంలో నూరో వంతుల్లో. 10 మిల్లీమీటర్ల వానకు 039.

మార్చాక మ్యాప్ కాదు, ముడి ప్యాకెట్ (మీరు పంపిన అసలు అక్షరాల వరుస) తెరిచి చూడండి. నిమిషానికోసారి మాత్రం పంపకండి, రేడియో ఛానెల్ అందరిదీ. పది నిమిషాలకోసారి చాలు.